రెండు రూటర్లకూ 192.168.1.1 అడ్రసే ఉంది, స్టాటిక్ రూట్ రాయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మల్కాజిగిరిలో జీ ప్లస్ వన్ ఇల్లు. కింద హాల్లో నెట్ కంపెనీ వాళ్ళు బిగించిన ఫైబర్ బాక్సు ఉంది. పైన వైఫై అందక సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్ళి ఒక రూటర్ కొనుక్కొచ్చి, కింది బాక్సు నుంచి కేబుల్ లాగి దాని వాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చే చోట) పెట్టారు. అప్పటినుంచి పైన నెట్ ఒకసారి వస్తోంది, ఒకసారి రావడం లేదు. కిందున్న ప్రింటరు, కెమెరాల డీవీఆర్ (వీడియో రికార్డు చేసే పెట్టె) పైనుంచి కనబడవు. ఆఫీసు వీపీఎన్ (ఇంటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వేసే భద్రమైన దారి) కలుస్తుంది కానీ ఫోల్డర్లు తెరుచుకోవు. రెండు బాక్సుల లాగిన్ పేజీ అడ్రసూ 192.168.1.1. సెట్టింగ్స్‌లో స్టాటిక్ రూటింగ్ (ఫలానా అడ్రసులకు ఫలానా దారి అని చేత్తో రాసేది) అనే పేజీ కనిపించింది, అందులో ఏం నింపాలి అని అడిగారు.

ఆ పేజీలో ఏమీ నింపకండి. మీకు కావలసింది రూటు కాదు. ఇంట్లో అడ్రసులు పంచే పని ఒక్క బాక్సుకే ఉండాలి, రెండోది వట్టి వైఫై ఇచ్చే పెట్టెలా పనిచేయాలి. అంటే మూడు మార్పులు: కింది బాక్సు అడ్రసును 192.168.47.1 లాంటి, ఎవరూ పెద్దగా వాడని వరుసకు మార్చండి. పై రూటర్‌కు 192.168.47.2 ఇచ్చి, అందులో డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే పని) ఆపేయండి. కేబుల్‌ను వాన్ పోర్టులోంచి తీసి లాన్ పోర్టులో (ఇంటి పరికరాలు కలిపే చోట) పెట్టండి. మీరు చెప్పిన మూడు కష్టాలకూ ఇదే మందు. మీ రూటర్ మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే పై రూటర్‌కు అది నొక్కితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది; కింది బాక్సు వరుస మాత్రం మీరే మార్చాలి. అప్పుడు కేబుల్ వాన్ పోర్టులో ఉన్నా ఫరవాలేదు.

నేను ఈ నగరంలో పద్దెనిమిదేళ్ళుగా నెట్‌వర్క్ పని చేస్తున్నాను. డాబాల మీదుగా కేబుళ్ళు లాక్కుంటూ కాలనీలకు నెట్ ఇచ్చిన రోజుల్లో మొదలుపెట్టాను. ఇళ్ళల్లో నేను చూసిన చిక్కుల్లో ఎక్కువ భాగం ఇదే: అడ్రసులు పంచేవాళ్ళు ఇద్దరు, ఇద్దరి చేతిలోనూ ఒకే వరుస నంబర్లు. అందుకే ఎందుకు ఇలా అవుతుందో కొంచెం వివరంగా చెప్తాను. కారణం తెలిస్తే రేపు మరో బాక్సు కలిపినా మీరే సర్దుకోగలరు.

మన హైదరాబాద్‌లో ప్లాట్ నంబర్ 47 అంటే ఏ కాలనీలో అయినా ఒకటి దొరుకుతుంది. పార్సిల్ అబ్బాయి ఫోన్ చేసి "ఏ కాలనీ సార్?" అని అడిగేది అందుకే. ఇంట్లో వాడే ఐపీ అడ్రసులు కూడా అంతే. ప్రపంచంలోని ఇళ్ళన్నీ అవే నంబర్లు వాడుకుంటాయి, ఎవరి ప్రహరీ లోపల వాళ్ళకు చెల్లుతాయి. సబ్‌నెట్ మాస్క్ అనేది ఆ నంబర్లో ఎంతవరకు కాలనీ పేరు, ఎక్కడినుంచి ప్లాట్ నంబరు అని చెప్పే గీత. 255.255.255.0 అంటే మొదటి మూడు భాగాలు కాలనీ, చివరిది ప్లాటు. మొత్తం 256 నంబర్లు. మొదటిది కాలనీకే పేరు, చివరిది అందరినీ ఒకేసారి పిలవడానికి, కాబట్టి పరికరాలకు మిగిలేవి 254.

ఇప్పుడు పైన మీ ల్యాప్‌టాప్ అడ్రసు 192.168.1.104 అనుకోండి, కింద ప్రింటరు 192.168.1.20. ప్రింట్ కొట్టగానే ల్యాప్‌టాప్ మొదట చేసే పని ఈ రెండు నంబర్లనూ మాస్క్ పెట్టి పోల్చడం. మొదటి మూడు భాగాలూ ఒకటే కాబట్టి ‘ఇది మన కాలనీలోనిదే’ అనుకుంటుంది. మన కాలనీలోనిదైతే గేటు దాకా వెళ్ళే పనే లేదు. రూటర్‌ను అడగకుండా "192.168.1.20 ఎవరు?" అని అక్కడికక్కడే కేకేస్తుంది. దీన్నే ఏఆర్‌పీ అంటారు. ఆ కేక రూటర్‌ను దాటి అవతలికి వెళ్ళదు, వెళ్ళకూడదు కూడా. ప్రింటరు ఉన్నది అవతల. జవాబు రాదు. మీరు స్టాటిక్ రూట్ రాసినా ల్యాప్‌టాప్ రూటర్‌లోని ఆ దారుల పట్టిక దాకా వెళ్ళనే వెళ్ళదు, ఎందుకంటే దాని లెక్కలో ప్రింటరు పక్కింట్లోనే ఉంది. మీ ఇంటికి రూటు పనికిరాదని మొదట్లోనే అన్నది ఇందుకే.

నెట్ వచ్చిపోవడానికి కారణం ఇంకా లోతైనది. పై రూటర్ వాన్ వైపు కింది బాక్సు దగ్గర 192.168.1.5 లాంటి అడ్రసు తీసుకుంది. బయటికి వెళ్ళాలంటే గేటు 192.168.1.1 అని కింది బాక్సు దానికి చెప్పింది. కానీ 192.168.1.1 అంటే లాన్ వైపు అది తానే! బయటికి పంపాల్సిన ప్యాకెట్‌ను (సమాచారపు పొట్లాన్ని) తన దగ్గరికే పంపుకోవాలన్న మాట. కొన్ని రూటర్లు ఈ గొడవను పసిగట్టి తమ లాన్ అడ్రసును తామే 192.168.0.1కో మరోదానికో మార్చేసుకుంటాయి. పసిగట్టని వాటిలో దారుల పట్టికలో ఏ వైపు ముందు కూర్చుంటే ఆ వైపుదే చెల్లుతుంది. రీస్టార్ట్ చేస్తే ఒకసారి బాగై, సాయంత్రానికి మళ్ళీ పోవడం ఇలాంటిదే. మీరు కంపెనీకి ఫోన్ చేసి లైన్ చూడమన్నా వాళ్ళకు ఏ లోపమూ కనబడదు, ఎందుకంటే లైన్‌లో లోపం లేదు.

వీపీఎన్ సంగతి ఒక ఉదాహరణతో చెప్తాను. నిజాంపేటలో ఒకమ్మాయికి ఇంటి నుంచే పని. వీపీఎన్ కలుస్తుంది, ఆఫీసు ఫైల్ సర్వరు 192.168.1.50 మాత్రం తెరుచుకోదు. వాళ్ళ ఐటీ వాళ్ళు పింగ్ (‘ఉన్నావా’ అని అడిగి జవాబు చూసే కమాండు) కొట్టమన్నారు, పింగ్‌కు జవాబు వస్తోంది. "సర్వరు బాగానే ఉంది, మీ పాస్‌వర్డ్ తప్పు" అని రెండుసార్లు పాస్‌వర్డ్ మార్పించారు. నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చుని పింగ్ చూశాను. వీపీఎన్ అవతలి గేటుకు కొడితే 40 మిల్లీసెకన్లు పడుతోంది, సర్వరుకు కొడితే 3. అదే ఆఫీసులో గేటు దాటి లోపల ఉన్న సర్వరు, గేటు కంటే ముందే ఎలా పలుకుతుంది? ఏఆర్‌పీ పట్టిక తీసి 192.168.1.50 ఎదురుగా ఉన్న మ్యాక్ అడ్రసు (ప్రతి పరికరానికీ తయారీలోనే ఇచ్చే నంబరు) కాగితం మీద రాసుకుని, ఇంట్లో ఒక్కో పరికరం వెనక స్టిక్కర్ చూసుకుంటూ వెళ్ళాం. హాల్లో టీవీ వెనక దొరికింది. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకే వరుస కావడంతో, ఇన్ని రోజులూ ఆఫీసు సర్వరనుకుని ఆమె ల్యాప్‌టాప్ మాట్లాడుతున్నది వాళ్ళింటి టీవీతో. ఇంటి వరుస మార్చాక అదే పాస్‌వర్డ్‌తో ఫోల్డర్ తెరుచుకుంది.

మరి ఏ వరుస ఎంచుకోవాలి? ఇళ్ళు, ఆఫీసుల లోపల వాడుకోవడానికి 1996లో ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే పత్రంలో మూడు గుంపులు కేటాయించారు. 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవన్నీ. ఈ మూడింటిలోనే ఎంచుకోవాలి. నేను తప్పించేవి ఇవి: 192.168.0, 192.168.1 ఎక్కడ చూసినా ఉంటాయి. 192.168.29 జియో ఫైబర్ బాక్సులది, మీ అన్నయ్యగారింటికో అత్తగారింటికో వీపీఎన్ కలిపితే తగులుకుంటుంది. 10తో మొదలయ్యేవి పెద్ద ఆఫీసులు వాడుకుంటాయి. 172.17 డాకర్ అనే ప్రోగ్రామర్ల సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళ ల్యాప్‌టాప్‌లో ముందే కూర్చుని ఉంటుంది. 172.20.10 ఐఫోన్ హాట్‌స్పాట్‌ది. 192.168.43 పాత ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్లది. ఇవి పోను 192.168.47, 192.168.83 ఇలా ఏదైనా సరే, ఒక కాగితం మీద రాసుకుని పెట్టుకోండి.

గుంపు బయట నంబర్లు మాత్రం వాడకండి. కెమెరాలు బిగించడానికి వచ్చినవాళ్ళు 192.169.1 అని పెట్టి వెళ్ళిన ఇళ్ళు నేను రెండు మూడు చూశాను. 168కీ 169కీ ఒక అంకె తేడా, కానీ 192.169 బయటి ప్రపంచంలో ఎవరిదో అసలైన అడ్రసు. ఇంట్లో పెట్టుకుంటే ఆ అడ్రసులున్న సైట్లు మీకు ఎప్పటికీ తెరుచుకోవు. ఒకప్పుడు చాలా పరికరాల్లో 1.1.1.1ను లోపలి అవసరాలకు వాడేసేవారు. 2018 ఏప్రిల్ 1న క్లౌడ్‌ఫ్లేర్ అదే అడ్రసు మీద డీఎన్ఎస్ (సైటు పేరుకు అడ్రసు వెతికిపెట్టే) సేవ మొదలుపెట్టాక, ఆ పరికరాలున్న చోట్ల అది అందలేదు.

ఇక ఏది ముందు, ఏది తర్వాత చేయాలో. ఇక్కడ క్రమం తప్పితే రూటర్ పేజీ చేతికి దొరక్కుండా పోతుంది, అందుకే అడుగడుగూ చెప్తున్నాను.

ముందు కింది బాక్సును ముట్టుకోకండి. పై రూటర్‌కు వచ్చే కేబుల్ పీకేసి, దాన్ని ఒంటరిగా ఉంచి, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో దాని లాన్ పోర్టుకు కలపండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి, లేకపోతే 192.168.1.1 కొట్టినప్పుడు ఏ బాక్సు పేజీ తెరుచుకుందో మీకే తెలియదు. మొదట వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టేయండి. కింది బాక్సుకున్న పేరూ పాస్‌వర్డే ఇస్తే ఫోన్లు మెట్లెక్కుతూ దిగుతూ తమంతట తామే మారతాయి. తర్వాత లాన్ అడ్రసు 192.168.47.2కు మార్చి సేవ్ చేయండి. పేజీ ఆగిపోతుంది, కంగారు పడొద్దు. కేబుల్ పీకి మళ్ళీ పెడితే ల్యాప్‌టాప్‌కు కొత్త వరుసలో అడ్రసు వస్తుంది, 192.168.47.2 కొడితే లాగిన్ పేజీ వస్తుంది. అన్నిటికంటే చివర డీహెచ్‌సీపీ ఆపండి. ముందే ఆపేస్తే ల్యాప్‌టాప్‌కు అడ్రసు ఇచ్చేవాళ్ళు ఉండరు. 169.254తో మొదలయ్యే నంబరు కనిపిస్తే అదే అర్థం: ఎవరూ ఇవ్వలేదు కాబట్టి అది తనకు తానే పెట్టుకుంది. పొరపాటున అలా అయితే ల్యాప్‌టాప్‌లో చేత్తో 192.168.47.9, మాస్క్ 255.255.255.0 పెట్టుకుని లోపలికి వెళ్ళొచ్చు. రీసెట్ బటన్ దాకా పోనక్కర్లేదు.

తర్వాత కింది బాక్సు. లాన్ అడ్రసు 192.168.47.1, డీహెచ్‌సీపీ పూల్ (పంచే అడ్రసుల పరిధి) 192.168.47.100 నుంచి 192.168.47.199 వరకు. కొన్ని బాక్సుల్లో లాన్ అడ్రసు మార్చినా పూల్ పాత వరుసలోనే మిగిలిపోతుంది, కళ్ళారా చూసి సేవ్ చేయండి. పూల్‌లో గేట్‌వే (బయటికి వెళ్ళే గేటు) 192.168.47.1 అనే ఉండాలి, పై రూటర్ నంబరు కాదు. చివరగా పైనుంచి వచ్చే కేబుల్‌ను కింది బాక్సు లాన్ నుంచి పై రూటర్ లాన్‌కు కలపండి. ఒక్క కేబులే. స్పీడు పెరుగుతుందని రెండు కేబుళ్ళు కలిపితే ప్యాకెట్లు గుండ్రంగా తిరుగుతూ రెండు బాక్సుల లైట్లూ ఒకేసారి కొట్టుకుంటాయి, ఇల్లంతా నెట్ ఆగిపోతుంది.

వరుస మార్చే ముందు చేత్తో అడ్రసు పెట్టిన పరికరాల జాబితా తీసుకోండి. మీ ఇంట్లో డీవీఆర్ బహుశా అందులో ఉంటుంది. కెమెరాలు బిగించేవాళ్ళు డీవీఆర్‌కు సాధారణంగా స్థిరమైన అడ్రసే ఇస్తారు. వరుస మారాక అది పాత కాలనీ నంబరు పట్టుకుని కూర్చుంటుంది, ఫోన్లో కెమెరాలు కనిపించవు. మా నాన్నగారి ఇంట్లో నేనే ఈ తప్పు చేశాను. మార్చి వచ్చేశాను. నాలుగు రోజుల తర్వాత ఆయన "ఫోన్ల గేటు కనవడ్తలేదురా" అన్నారు. ఆ నాలుగు రోజులూ ఆయన మోకాళ్ళ నొప్పితో మెట్లు దిగి గేటు చూసుకున్నారు. అందుకే చెప్తున్నాను, డీవీఆర్‌కు టీవీ, మౌస్ తగిలించి నెట్‌వర్క్ పేజీలో ముందు 192.168.47.20, గేట్‌వే 192.168.47.1 అని పెట్టి అప్పుడే కింది బాక్సు మార్చండి. ప్రింటరుకు మాత్రం చేత్తో పెట్టడం కంటే కింది బాక్సులోనే అడ్రస్ రిజర్వేషన్ చేయడం మేలు. ప్రింటరు మ్యాక్ అడ్రసుకు 192.168.47.21 అని రాసేస్తే ఎప్పుడూ అదే వస్తుంది. రేపు మళ్ళీ వరుస మార్చాల్సి వస్తే ఒక్కచోట మారిస్తే సరిపోతుంది.

ఫోన్లకు రిజర్వేషన్ చేసేటప్పుడు ఒక మెలిక ఉంది. ఆండ్రాయిడ్ 10 నుంచీ, ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లు అసలు మ్యాక్ అడ్రసు దాచి ఒక్కో వైఫై పేరుకు ఒక్కో కల్పిత మ్యాక్ చూపిస్తాయి. మీరు వైఫై పేరు మారిస్తే ఫోన్ కొత్త మనిషిలా కనిపిస్తుంది. పిల్లల ఫోన్‌కు టైము పెట్టాలనుకునేవాళ్ళు ఆ ఫోన్లో మీ ఇంటి వైఫైకి మాత్రం అసలు మ్యాక్ చూపించమని సెట్ చేయాలి.

అడ్రసులు పంచడంలోనే వచ్చిన మరో కేసు. అమీర్‌పేటలో కోచింగ్ పిల్లల హాస్టల్, ఇరవై ఎనిమిది మంది. పగలంతా నెట్ బాగుంటుంది, రాత్రి ఎనిమిదయ్యేసరికి సగం మందికి ఫోన్లో ‘ఐపీ అడ్రస్ పొందుతోంది’ అని తిరుగుతూనే ఉంటుంది. ఓనరు రెట్టింపు స్పీడు ప్లాను తీసుకున్నా మార్పు లేదు. నేను చూస్తే పూల్ 100 నుంచి 149 దాకా, అంటే యాభై అడ్రసులే. ఇచ్చిన అడ్రసు ఎంతసేపు చెల్లుతుందనే గడువు ఇరవై నాలుగు గంటలు. ఒక్కొక్కరికి ఫోన్, ల్యాప్‌టాప్ లెక్కేస్తే అప్పటికే యాభై ఆరు. పొద్దున వచ్చి వెళ్ళిపోయిన స్నేహితుల ఫోన్లు కూడా రేపటిదాకా తమ నంబర్లు పట్టుకునే ఉంటాయి. పూల్ 50 నుంచి 249కి పెంచి, గడువు నాలుగు గంటలకు తగ్గించాను. ఆ రాత్రే సర్దుకుంది. గడువు సగం కాగానే పరికరం తానే వెళ్ళి పొడిగించుకుంటుంది, కాబట్టి తక్కువ గడువు పెడితే వాడుతున్నవాళ్ళకు ఏమీ తెగదు. మీ ఇంటికి మాత్రం మామూలుగా ఉన్న గడువు చాలు.

ఇప్పుడు స్టాటిక్ రూట్. మీకు అక్కర్లేదన్నాను, కానీ అడిగారు కాబట్టి ఎప్పుడు కావాలో చెప్తాను. నిజంగా రెండు కాలనీలు వేరువేరుగా ఉండాలి, అయినా ఒకదానిలోంచి ఒకదానికి దారి కావాలి అన్నప్పుడే. నాచారంలో మా ఇంట్లో అలా ఉంది. కింద ఇంటివాళ్ళది 192.168.47, పైన నా పని గదిలో సర్వర్లూ పరీక్షల సామానూ 192.168.60. పై రూటర్ వాన్ వైపు 192.168.47.2, లాన్ వైపు 192.168.60.1. కింది బాక్సులో రాసిన రూటు: గమ్యం 192.168.60.0, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.47.2.

ఈ మూడు గడుల్లో జనం చేసే తప్పులు దాదాపు ఒకేలా ఉంటాయి. గమ్యంలో 192.168.60.1 అని రాస్తారు. అక్కడ కావలసింది కాలనీ పేరు, అంటే సున్నాతో ముగిసేది. గేట్‌వేలో 192.168.60.1 రాస్తారు. కింది బాక్సుకు 60 వరుస ఎక్కడుందో తెలియకే కదా మనం రూటు రాస్తున్నది! గేట్‌వే ఎప్పుడూ దానికి తెలిసిన కాలనీలోని నంబరే కావాలి, పై రూటర్ ఇటువైపు ముఖం అన్నమాట. మూడోది, పై రూటర్‌లో నాట్ ఆపరు. నాట్ అంటే లోపలి అడ్రసులన్నిటినీ దాచి, అందరి తరఫునా రూటర్ తన ఒక్క అడ్రసుతో బయట మాట్లాడటం. అది నడుస్తున్నంతసేపు కింది నుంచి పైకి వెళ్ళే ప్యాకెట్లను ఫైర్‌వాల్ (రూటర్‌లోని కాపలా) గుమ్మంలోనే ఆపేస్తుంది. నాట్ ఆపే వీలు చాలా ఇంటి రూటర్లలో ఉండదు. ఆపగలిగినా కింది బాక్సు తన సొంత వరుసకు తప్ప 60 వరుసకు బయటి నెట్ ఇవ్వకపోవచ్చు. కంపెనీ ఇచ్చిన బాక్సుల్లో అయితే అసలు రూటు పేజీయే కనబడకుండా దాచడమూ ఉంది.

ఇంకొకటి, రూటు రాశాక పింగ్ వస్తుంది కానీ ఫైలు కదలదు అనే ఫిర్యాదు. వెళ్ళే ప్యాకెట్లు కింది బాక్సు మీదుగా వెళ్ళి, తిరిగొచ్చేవి పై రూటర్ నుంచి నేరుగా పరికరానికి చేరతాయి. కింది బాక్సు సంభాషణలో సగమే వింటుంది. అనుమానం వచ్చి తెంపేసే ఫైర్‌వాల్ ఉన్న బాక్సుల్లో ఇలా అవుతుంది. వెళ్ళే దారి రాసేముందే తిరిగొచ్చే దారి ఎటో కాగితం మీద గీసుకోండి, నేను ఇప్పటికీ గీసుకుంటాను.

ఉప్పల్ దగ్గర ఒక ట్యూషన్ సెంటర్‌లో ఎవరో కింది బాక్సులో గమ్యం 0.0.0.0, మాస్క్ 0.0.0.0, గేట్‌వేగా పై రూటర్ నంబరు రాశారు. సున్నాలన్నీ అంటే ‘మిగతా ప్రపంచమంతా’ అని అర్థం. కింది బాక్సు ప్రపంచమంతటికీ దారి పై రూటరనీ, పై రూటర్ కింది బాక్సనీ అనుకుంటున్నాయి. ట్రేస్‌రూట్ (ప్యాకెట్ ఏ దారిన వెళ్తోందో చూపే కమాండు) కొట్టి చూస్తే 192.168.1.1, 192.168.1.2, మళ్ళీ 192.168.1.1, మళ్ళీ 192.168.1.2 అని ముప్పై వరుసలు. అవే రెండు నంబర్లు మారిమారి కనిపిస్తే ఇంకేమీ వెతకక్కర్లేదు, ఆ రూటు తీసేయండి. అక్కడ అది తీసేసిన మరుక్షణం నెట్ వచ్చింది.

మీరు రాయలేదు గానీ, పై పోర్షన్ అద్దెకు ఇచ్చే ఆలోచన ఉంటే ఇది తప్పక చదవండి. రెండో రూటర్ పెట్టి వేరే వరుస ఇచ్చేశాం, మన నెట్‌వర్క్ వాళ్ళకు కనబడదు అనుకుంటారు చాలామంది. నిజం తలకిందులు. వెనక రూటర్‌లో ఉన్నవాళ్ళు ముందు బాక్సులోని పరికరాలన్నిటినీ చేరుకోగలరు, ఎందుకంటే వాళ్ళు బయటికి వెళ్ళే దారి మీ హాల్లోంచే. మీరు మాత్రం వాళ్ళ పరికరాలను చేరలేరు. అంటే కాపలా పడింది అద్దెకున్నవాళ్ళకు, తలుపు తెరుచుకుంది మీ డీవీఆర్‌కు. డీవీఆర్ పాస్‌వర్డ్ బిగించినవాళ్ళు పెట్టినదే ఉంటే మీ ఆడవాళ్ళు వచ్చిపోయేదంతా పైనున్న తెలియని మనిషి చూడొచ్చు. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో గెస్ట్ వైఫై ఇచ్చినా చాలా రూటర్లు దాన్ని మీ లాన్ నుంచి విడదీయవు. కనెక్షన్ మీ పేరున ఉంటుంది, అందులో ఎవరు ఏం చేసినా మొదట అడిగేది మిమ్మల్నే. కాబట్టి వాళ్ళను వాళ్ళ కనెక్షన్ తీసుకోమనండి. కుదరకపోతే వాళ్ళను ముందు బాక్సులో ఉంచి, మీ ఇంటినంతా రెండో రూటర్ వెనక్కి తెచ్చుకోండి. రెండు నాట్‌లతో మీకు కాస్త ఇబ్బంది ఉంటుంది, అయినా ఈ విషయంలో నేను రాజీపడను.

బయట ఉన్నప్పుడు ఫోన్లో కెమెరాలు చూడాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి ఇంట్లోని పరికరానికి తలుపు తెరవడం) చేయమని ఎవరైనా చెప్పొచ్చు. ముందు కింది బాక్సు వాన్ అడ్రసు చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే, లేదా 10తో మొదలైతే, కంపెనీ మిమ్మల్ని చాలామందితో కలిపి ఒకే బయటి అడ్రసు వెనక ఉంచింది. మనం ఇప్పటిదాకా చెప్పుకున్న అడ్రసుల పద్ధతి ఐపీవీ4లో ఉన్నవే 429 కోట్ల అడ్రసులు, 2011 ఫిబ్రవరిలోనే ప్రపంచ కోశం ఖాళీ అయింది, అందుకే ఈ ఏర్పాటు. అప్పుడు మీ ఇంట్లో ఎన్ని పోర్టులు తెరిచినా ప్రయోజనం లేదు. డీవీఆర్ కంపెనీ యాప్ ద్వారా చూసుకోండి, లేదా నెలకు కొంత కట్టి స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే స్థిరంగా ఉండే బయటి అడ్రసు) తీసుకోండి. ఐపీవీ6 (కొత్త, పొడవైన అడ్రసుల పద్ధతి) విషయంలో మీకు యాక్సెస్ పాయింట్ పద్ధతే కలిసొస్తుంది, పైన ఉన్నవాటికీ కింది బాక్సే నేరుగా ఐపీవీ6 అడ్రసులు ఇస్తుంది.

వేసవి గాలివానల్లో కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక చిన్న సంగతి గుర్తుంచుకోండి. పై రూటర్ ముందు లేచి, కింది ఫైబర్ బాక్సు లేవడానికి ఇంకో నిమిషం పడితే, ఫోన్లు పై వైఫైకి అతుక్కుంటాయి కానీ అడ్రసు ఇచ్చేవాళ్ళు ఉండరు. ఫోన్లో వైఫై ఒకసారి ఆపి వేస్తే సర్దుకుంటుంది. వీలైతే రెండు బాక్సులనూ ఇన్వర్టర్ లైనులో వేయించండి.

ఇవన్నీ చేశాక కూడా పైనుంచి ప్రింటరు కనబడకపోతే మూడు విషయాలు ఇక్కడ రాయండి: పైన వైఫైలో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్‌కు వచ్చిన అడ్రసు, దానితోపాటు చూపించే గేట్‌వే, ప్రింటరు తన నెట్‌వర్క్ పేజీ ప్రింట్ చేస్తే అందులో ఉన్న అడ్రసూ మాస్కూ. మ్యాక్ అడ్రసులు, మీ బయటి ఐపీ మాత్రం ఇక్కడ పెట్టకండి. రాత్రి తొమ్మిది తర్వాత చూసి జవాబిస్తాను.